గట్టెక్కాలంటే...

హనుమాన్ జంక్షన్‌లో రైలు దిగితే బోర్డు మీద నూజివీడు అని ఉంటుంది. ఊరి పేరొకటి, స్టేషన్ పేరొకటి. బయటికొచ్చి ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే దారులు నాలుగు: పడమటికి విజయవాడ, తూర్పుకి ఏలూరు, ఉత్తరానికి నూజివీడు, దక్షిణానికి గుడివాడ. నూజివీడు రోడ్డు పట్టుకుంటే మెట్ట, ఎర్రనేల, మామిడి తోటలు. గుడివాడ రోడ్డు పట్టుకుంటే మాగాణి, నల్లరేగడి, వరిచేలు. మెట్టకీ మాగాణికీ మధ్య సరిహద్దు మీద కూర్చున్న ఊరిది.

ఆ సరిహద్దుకి చెరోపక్కా ఒక కాలువ ఉంది. ఎగువన పోలవరం కుడికాలువ. 2015లో పట్టిసీమ దగ్గర మోటార్లు పెట్టి గోదావరి నీళ్ళను కృష్ణలోకి తెచ్చింది దీని మీదుగానే. దిగువన ఏలూరు కాలువ. ఇది పందొమ్మిదో శతాబ్దపు తవ్వకం. నదుల అనుసంధానం అని మనం పండగ చేసుకోవడానికి నూటయాభై ఏళ్ళ ముందే ఇదే పనిని పడవల కోసం చేసి పెట్టారు. విజయవాడ దగ్గర కృష్ణ నుంచి ఒక కాలువ, విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి ఒక కాలువ బయల్దేరి ఏలూరులో కలుసుకుంటాయి. 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గాన్ని ప్రకటించినప్పుడు ఈ మొత్తాన్నీ ఏలూరు కాలువ అనే పేరుతో 139 కిలోమీటర్లుగా లెక్క రాసింది.

పరుగు మరిగినవాళ్ళకు ఈ అంకె చూస్తే చేతులు ఊరుకోవు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అది దాటిందల్లా అల్ట్రాయే. 139 అంటే మూడు మారథాన్లు పరిగెత్తి, ఇంకా పది పైన మిగులు. అదీ ఒకే కాలువ గట్టు మీద, రెండు నదుల మధ్య.

ఫ్లెక్సీలు కట్టి, మెడలో పతకం వేసే పోటీ గురించి కాదు ఈ కథనం. ఒక మనిషి మొదటిసారి ఇంత దూరాన్ని, ఇలాంటి దారిలో, మన ఉక్కలో, మన తిండి తిని దాటాలనుకుంటే ఏం చేయాలన్నదే విషయం.

కాలువ గట్ల మీద అల్ట్రాలకు పెద్దన్న ఇంగ్లండ్‌లో ఉంది. బర్మింగ్‌హామ్ నుంచి లండన్ దాకా, గ్రాండ్ యూనియన్ కాలువ వెంట 145 మైళ్ళు, అంటే 233 కిలోమీటర్లు. 1993లో మొదలైంది. గడువు 45 గంటలు. ఎక్కడైనా 40 నిమిషాలకు మించి ఆగారో, పోటీలోంచి తప్పించేస్తారు. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, కాగితం మీద భాగించి చూడండి. గంటకు 5.2 కిలోమీటర్లు. రైలు వేళయిపోతోందని స్టేషన్‌కి చకచకా నడిచే మనిషి వేగం అది. తినడం, బొబ్బకు ప్లాస్టర్ వేసుకోవడం, చెట్టు చాటుకు వెళ్ళడం అన్నీ అందులోనే. మన 139కి అదే లెక్క కడితే 27 గంటలు.

కాబట్టి వేగం మీద బెంగ అక్కర్లేదు. బెంగ పెట్టుకోవాల్సింది చదును మీద.

కొండ దారిలో పరిగెత్తేవాడికి ఎక్కుడు వస్తుంది. వాడు చచ్చినట్టు నడుస్తాడు. దిగుడులో వేరే కండరాలు పనిచేస్తాయి, ఎక్కుడులో అలసినవి కాస్త తెరిపిన పడతాయి. కాలువ గట్టు మీద ఆ సుఖం లేదు. డెల్టాలో నేల వాలు కంటికి ఆనదు. పొద్దున్న మొదటి అడుగుకు ఏ కండరం, ఏ కీలు, ఎంత కోణంలో కదిలిందో అర్ధరాత్రి లక్షో అడుగుకీ అదే కదలిక. మోకాలి వెలుపలి నరం, మడమ వెనకాల నరం ముందు మొరాయిస్తాయి. పైగా ఆగి నడవమని దారి ఎక్కడా చెప్పదు. మొదటిసారి వచ్చినవాళ్ళు ముప్ఫై నలభై కిలోమీటర్లు హాయిగా పరిగెత్తేసి, అక్కడ కూలబడేది ఇందుకే.

నడకను మొదటి కిలోమీటరు నుంచే లెక్క ప్రకారం పెట్టుకోవాలి. పాతిక నిమిషాలు పరుగు, అయిదు నిమిషాలు నడక. లేదా ఒక కిలోమీటరు పరుగు, రెండొందల అడుగులు నడక. ఏదైనా సరే, వాచీ చెప్పినట్టు వినాలి. ఒళ్ళు చెప్పేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఈ గట్ల మీద పూర్వం పడవలు లాగినవాళ్ళకు ఇది తెలుసు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే కళాసులు గట్టుకు దిగి తాడు భుజాన వేసుకుని లాగేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. ఆ తర్వాత 1890ల్లో రైలు వచ్చి సరుకు లాక్కుపోయేదాకా డెల్టాలో బరువైన సరుకు చాలామటుకు ఈ నీళ్ళ మీదే నడిచింది. ఆ మనుషులు పరిగెత్తలేదు, ఆగిపోలేదు. లాకు దగ్గర తలుపులు తెరిచేదాకా కూర్చుని, మళ్ళీ లేచి అదే నడక. మనకు కావలసిన వేగం దాదాపు అదే.

శిక్షణకు జంక్షన్ కన్నా మంచి ఊరు జిల్లాలో లేదని నా అభిప్రాయం. పక్షపాతమే అనుకోండి. మంగళ గురువారాల్లో నూజివీడు రోడ్డు వైపు వెళితే చిన్న చిన్న ఎత్తుపల్లాలు దొరుకుతాయి. తొడలకీ పిక్కలకీ బలం అక్కడ వస్తుంది. శని ఆదివారాలు కాలువవి. శనివారం తెల్లవారుజామున రైలెక్కి ఏలూరులో దిగి, గట్టు వెంట ఇంటికి రావడం. రోడ్డు లెక్కన ఇరవై కిలోమీటర్లు, గట్టు వంపులతో ఇంకాస్త. ఆదివారం, ఆ బరువెక్కిన కాళ్ళతోనే, జంక్షన్ నుంచి విజయవాడ వైపు వెళ్ళగలిగినంత వెళ్ళి బస్సెక్కి తిరిగి రావడం. ఒకేరోజు డెబ్భై కిలోమీటర్లు పరిగెత్తి వారమంతా మంచమెక్కే కంటే ఇలా వరసగా రెండు రోజులు చేయడం మేలు. అలసిన కాళ్ళతో ఎలా కదలాలో ఒంటికి అలవాటవుతుంది, దెబ్బలు తక్కువ. ఒక మారథాన్ అయినా హాయిగా పూర్తిచేసినవాళ్ళు ఆర్నెల్లు ముందు మొదలుపెట్టాలి. వారం వారం దూరాన్ని పదో వంతుకు మించి పెంచకూడదు. ప్రతి నాలుగో వారం తగ్గించాలి. చివరి రెండు మూడు వారాలు పరుగు సగానికి దించేయాలి. టేపర్ అంటారు దీన్ని. ఆ రోజుల్లో లేని నొప్పులన్నీ ఉన్నట్టు అనిపిస్తాయి, పట్టించుకోవద్దు. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు మాత్రం బూట్లు కొనకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక తిండి. ఈ దూరాల్లో పరుగు సగం, భోజనం సగం. స్థూలంగా ఒక కిలో బరువున్న ఒళ్ళు ఒక కిలోమీటరు కదలడానికి ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. అరవై అయిదు కిలోల మనిషికి మొత్తం దూరం మీద తొమ్మిదివేలు. కండల్లోనూ కాలేయంలోనూ మనం దాచుకునే పిండిపదార్థం రెండువేల కిలోక్యాలరీలకు మించదు. కొంత కొవ్వు సర్దుతుంది, మిగతాది దారిలో తినాలి. పేగు గంటకు అరవై గ్రాముల దాకా గ్లూకోజును పీల్చుకోగలదు. ఒక అరటిపండు, రెండు మూడు ఇడ్లీలు కలిపితే ఇంచుమించు అంతే. చూడటానికి ఎంతో కాదు. కానీ గంటగంటకీ, ఇరవై ఏడు గంటలు, ఒళ్ళు అదురుతుండగా తినాలి. ఎనిమిదో గంటకు నోటికి తీపి అంటే రోత పుడుతుంది. ఖరీదైన జెల్ పాకెట్లు అప్పుడు చేతిలోనే ఉండిపోతాయి.

అక్కడ మన వంటిల్లు అక్కరకొస్తుంది. ఉప్పు దండిగా వేసిన పెరుగన్నాన్ని పలచగా, తాగేంత జారుగా కలుపుకోవాలి. ఆవపిండి, మిరపకాయ లేకుండా పులిహోర ముద్దలు. సగ్గుబియ్యం జావ. వేరుశనగ ఉండల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి అవి మొదటి సగంలోనే. బెల్లం ముక్క జేబులో ఎప్పుడూ ఉండాలి. రాత్రి చలికి వేడి చారు ఒక గ్లాసెడు తాగితే ప్రాణం లేచొస్తుంది. ఏది పడుతుందో ఏది పడదో శనివారాల్లోనే తేల్చుకోవాలి. పరుగెత్తేటప్పుడు పొట్టకు వెళ్ళే రక్తం తగ్గిపోతుంది. ఆ స్థితిలో అరిగించుకోవడం పేగుకూ అభ్యాసంతోనే వస్తుంది.

నీళ్ళ విషయంలో ఒక భ్రమ ఉంది. ఎన్ని తాగితే అంత మంచిదని. చెమటతో ఉప్పు పోతుండగా ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. వేళ్ళు ఉబ్బుతాయి, ఉంగరం బిగుసుకుంటుంది, తల దిమ్మెక్కుతుంది. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. దాహమైనప్పుడు తాగండి, అందులో ఉప్పు ఉండేలా చూసుకోండి. మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ వాడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిందే, లీటరు నీటికి ఒక పాకెట్టు. పేరులో ఓఆర్ఎస్ తగిలించుకున్న తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ మాటను అలాంటి సీసాల మీద వాడకూడదని చెప్పిందంటే ఆ పోరాటమే కారణం. ఆ గొడవంతా విరేచనాలు పట్టుకున్న పిల్లల కోసం జరిగింది. చెమటోడ్చే పెద్దలకూ అదే పాఠం.

ఎండ గురించి బెజవాడవాళ్ళకు చెప్పాల్సింది లేదు గానీ, ఎండకంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. రెండు పక్కలా నీళ్ళు నిలిచిన చేలు, నడుమ కాలువ, గాలిలో తడి. చెమట కారుతుంది, ఆరదు. పది పద్నాలుగు రోజులు వరసగా వేడిలో మెల్లగా కదిలితే ఒళ్ళు సర్దుకుంటుంది. రక్తంలో నీటిశాతం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అలాగని ఈ పని మే నెలలో పెట్టుకోమని అర్థం కాదు. 2003 వేసవిలో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి రాజమండ్రి దగ్గర జబ్బుపడి కొన్నాళ్ళు ఆగిపోవాల్సి వచ్చింది. ఆయన రోజుకు సగటున నడిచింది పాతిక కిలోమీటర్ల లోపే, చుట్టూ డాక్టర్లు కూడా ఉన్నారు. మనకు డిసెంబరు, జనవరి చాలు. అసలు దూరపు నడక ఈ నేలకు కొత్త కాదు. మార్గశిరంలో భవానీ దీక్ష విరమణకు ఎర్రబట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా ఇంద్రకీలాద్రికి నడిచొచ్చేవాళ్ళతో మన రోడ్లు నిండిపోతాయి. వాళ్ళలో చాలామంది ఏ శిక్షణా లేనివాళ్ళే. ఇరుముడిలో ఏముండాలో, ఎక్కడ ఆగాలో గురుస్వామి చెబుతాడు. గుంపు కదిలితే కదలడం, ఆగితే ఆగడం. ఒంటరిగా పరిగెత్తేవాడికి ఆ గురుస్వామి పని ఎవరో ఒకరు చేయాలి.

ఆ ఒకరు స్కూటీ మీద వచ్చే తమ్ముడు కావచ్చు, బావమరిది కావచ్చు. పది పన్నెండు కిలోమీటర్లకొక వంతెన దగ్గర కాసుకుని ఉండి, సీసాలు నింపి, తిండి చేతిలో పెట్టి, ఎంతసేపు కూర్చున్నావో గుర్తుచేసి లేపాలి. "అన్నయ్యా, పది నిమిషాలైంది, లే" అని మొహమాటం లేకుండా అనగలిగినవాడైతే మంచిది. "పాపం, ఎందుకొచ్చిన గొడవరా, బండెక్కు" అనే మేనత్తను మాత్రం తీసుకెళ్ళొద్దు.

బండెక్కమనేవాళ్ళు దారిపొడవునా ఉంటారు, అది వేరే సంగతి. కాలువ గట్టున ఒక మనిషి కాలినడకన ఆయాసపడుతూ పోతున్నాడంటే మన పల్లెల్లో అర్థం ఒకటే. "ఏం బాబూ, బండి ఆగిపోయిందా? రా, సెంటర్లో దింపేస్తాను" అని పాలక్యాన్ల టీవీఎస్ మీద వెళ్ళే పెద్దాయన ఆగుతాడు. "లేదు బాబాయ్ గారూ, ఊరికే పరిగెత్తుతున్నా" అంటే నమ్మడు. విజ్జేశ్వరం నుంచి అంటే అసలే నమ్మడు. నవ్వి దండం పెట్టి సాగిపోవడమే.

గట్టు నేల దగ్గరికొద్దాం. కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల కంకర, చాలాచోట్ల మట్టి. వాన పడిన మర్నాడు నల్లరేగడి మీద కాలు పెడితే అడుగడుక్కీ బూటు కింద ఒక పొర అంటుకుంటుంది. వంద గజాలకు కాలు రోలంత బరువవుతుంది. పుల్లతో గీకి పడేసినా మళ్ళీ మామూలే. ఎండాకాలంలో అదే నేల నెర్రెలిచ్చి మడమ మడతపడే పగుళ్ళు తేలుతుంది. డిసెంబరులో రెండూ తక్కువే కానీ కోతల కాలం. తారు ఉన్నచోటల్లా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటారు. ఆ గింజల మీద కాలు వేయకండి. జారతారు, తిట్లూ తింటారు. ఆ తిట్లు న్యాయమైనవే.

పాదాలకు ఒక సైజు పెద్ద బూట్లు కావాలి. పది గంటల తర్వాత పాదం ఉబ్బుతుంది. వేళ్ళ మధ్య, తొడల మధ్య, చంకల్లో ముందే వాజిలిన్ పట్టించాలి. గంటకోసారి సాక్సులో గరగరమంటున్నదేమైనా ఉందేమో చూసుకోవాలి. ఇసుక రేణువును అరవయ్యో కిలోమీటరు దగ్గర తీయకపోతే తొంభయ్యో కిలోమీటరు దగ్గర బొబ్బ అవుతుంది. మంటగా ఉందని బూట్లు విప్పి కాలువ నీళ్ళలో కాళ్ళు ముంచడం మాత్రం వద్దేవద్దు. పుండు పడిన చర్మానికి ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు తగిలితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. నొప్పికి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకునే అలవాటు చాలామంది రన్నర్లకు ఉంది. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద దెబ్బకొడతాయి. మూత్రం కోలా రంగులోకి మారిందంటే కండరాలు విచ్ఛిన్నమవుతున్నాయని అర్థం. అక్కడితో పరుగు ఆపేసి ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంకో మాట లేదు.

విజ్జేశ్వరంలో తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే నిడదవోలు, తాడేపల్లిగూడెం, పుల్ల మీదుగా ఏలూరుకు పొద్దుగూకాక చేరతారు. అక్కడిదాకా నీళ్ళు మీతోపాటు వస్తాయి. ఏలూరు దాటాక కృష్ణ నీళ్ళు ఎదురొస్తాయి. ఒంటికి తేడా ఏమీ ఉండదు గానీ, ప్రవాహానికి ఎదురు వెళ్తున్నట్టు మనసుకు తెలుస్తుంది. ఇక్కణ్ణుంచి రాత్రి. తలకు కట్టుకునే లైటు వెలిగించారా, వరిచేల పురుగులన్నీ మొహం మీదికే. కంట్లో, నోట్లో, చెవిలో. లైటును నడుముకు కట్టుకోండి. పురుగుల బాధ తగ్గుతుంది, గుంటల నీడలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. గడ్డిలో కాలు పెట్టకుండా బాట మధ్యలోనే ఉండాలి. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. కరిచినా నొప్పి అంతగా తెలియదు. అనుమానమొస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం లాంటివి చేయకుండా, నడవకుండా, 108కి ఫోన్ చేయాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. పన్ను దిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. ఈ రాత్రి భాగాన్ని ఎవరూ ఒంటరిగా పరిగెత్తొద్దు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా. పక్కన ఇంకో మనిషి ఉండాలి, దారిలోని పోలీస్ స్టేషన్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి.

జంక్షన్ వాళ్ళకు అసలు గండం రాత్రి పదకొండు, పన్నెండు మధ్య వస్తుంది. అప్పటికి వంద కిలోమీటర్లు దాటి ఉంటారు, గట్టు నుంచి సొంతిల్లు కూతవేటు దూరం. వేడినీళ్ళు, మంచం, ఫ్యాను. ఇంకా దాదాపు నలభై కిలోమీటర్లు ఉంది. మంచి ఆటగాళ్ళు ఇలాంటిచోటే మానేస్తారు, అదీ కాళ్ళు పోయి కాదు. గుడివాడ రోడ్డు వంతెన దగ్గర ఇంట్లోవాళ్ళను రమ్మనొద్దు. తమ్ముడిని ఊరు దాటి అయిదారు కిలోమీటర్లు ముందుకు నిలబెట్టండి, వేడి టీ అక్కడే ఇమ్మనండి. పగలంతా టీ, కాఫీ ముట్టకుండా ఉంటే ఆ ఒక్క గ్లాసు పనిచేస్తుంది. రెండు నుంచి అయిదు దాకా నిద్ర నిలువునా లాగేస్తుంది. నడుస్తూనే కలలొస్తాయి, పొగమంచులో తాటిచెట్లు మనుషుల్లా కనిపిస్తాయి. పావుగంట అలారం పెట్టుకుని స్కూటీ పక్కన గోనె మీద పడుకుని లేస్తే రెండు గంటలు గడుస్తాయి.

తెల్లారేసరికి గన్నవరం దాటి నిడమానూరు, ఎనికేపాడు. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి సొరంగంలో బుడమేరు దాటుతుంది. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు అదే. ఇక్కణ్ణుంచి గట్టు గట్టులా ఉండదు. రామవరప్పాడు రింగు దాటాక ఇళ్ళు నీళ్ళ అంచు దాకా వచ్చేశాయి. కొన్నిచోట్ల బాట ఇంటి అరుగు మీదుగా, బట్టల తాడు కిందుగా పోతుంది. కొన్నిచోట్ల ఉండనే ఉండదు, రోడ్డెక్కి వాహనాల మధ్య పోవాలి. ఇరవై ఆరు గంటలుగా మేలుకున్న మనిషి ఏ వంతెన దగ్గర ఏ పక్కకు దాటాలో అప్పటికప్పుడు ఆలోచించలేడు. అందుకే నవంబరులో ఒక ఆదివారం సైకిలేసుకుని, పరుగు ముగిసే ప్రకాశం బ్యారేజీ నుంచి వెనక్కి, ఏలూరు దాకా, తర్వాత వారం విజ్జేశ్వరం దాకా తొక్కి చూడాలి. ఎక్కడ కుడి గట్టు బాగుంది, ఎక్కడ ఎడమ గట్టు, ఏ వంతెన దగ్గర రాత్రంతా తెరిచి ఉండే టీకొట్టు ఉంది, ఎక్కడ గట్టు తెగి ముళ్ళకంప వేశారు, ఇవన్నీ కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తమ్ముడి చేతికివ్వాలి. ఫోన్‌లో మ్యాపు ఉందిగా అనొద్దు, అది గట్ల మధ్య తేడా చూపించదు.

పరుగు ముందురోజు మధ్యాహ్నం జంక్షన్‌లో రైలెక్కి నిడదవోలులో దిగండి. సాయంత్రమే పెరుగన్నం తినేసి, బూట్లు, లైటు, ఓఆర్ఎస్ పాకెట్లు మంచం పక్కన సర్దుకుని ఎనిమిదింటికల్లా పడుకోండి. నిద్ర పట్టదు. పట్టకపోయినా కళ్ళు మూసుకుని కాళ్ళు చాపుకుంటే చాలు. మూడింటికి విజ్జేశ్వరానికి ఆటో ముందే మాట్లాడి ఉంచుకోవాలి, ఆ వేళప్పుడు దొరకదు.